మడ అడవికి షేకుగారి బేరం

మడలంక,
మార్చి 2

అమ్మా రూతూ,

ప్రభువు కాపుదలలో, అత్త వంటలో ఇక్కడ అందరం బాగున్నాం. సౌదీలోని ఖతీఫ్ ఆసుపత్రిలో నర్సు పని చేసుకుంటూ నువ్వూ బాగుంటావని తలుస్తాను.

మన ఎమ్మెల్యే హేమసుందర్ గారికి ఉన్నట్టుండి పేదల మీద ప్రేమ పుట్టింది. మన మడ అడవిని రక్షిత అడవుల జాబితాలోంచి తీసేయిస్తారట. అప్పుడు పేదలు స్వేచ్ఛగా పీతలు పట్టుకోవచ్చట. ఆయన బామ్మర్ది పద్మనాభం గారు ఆ పేదల కోసమే అడవంతా టేపు పెట్టి కొలిచారు. పాపం, పేదలకు పనికొస్తుందని పొక్లెయిన్ కూడా తెచ్చి పెట్టారు. ఇరవయ్యో తేదీన గ్రామసభ. అడవి కమిటీ అధ్యక్షుణ్ణి కాబట్టి తీర్మానం మీద నా సంతకం కావాలట. పెట్టనా, వద్దా? ఫోన్‌లో చెప్పకు. ఎప్పటిలాగే కాగితం మీద రాసి, వచ్చేవాళ్ల చేతనో ఫోటో తీసో పంపు, ఆదివారం ఆరాధనలో సంఘానికి చదివి వినిపించాలి.

నీ మేనమామ,
దానం

తా.క. పద్మనాభం గారు రెండు కేజీల రొయ్యలు పంపారు. అడవిలో చెరువు ఇంకా తవ్వలేదు, రొయ్యలు మాత్రం ముందే వచ్చేశాయి.

ఖతీఫ్,
మార్చి 5

మామయ్య గారికి,

బయట ఎండకీ వార్డులో ఏసీకీ మధ్య నలుగుతూ క్షేమంగా ఉన్న రూతు వందనాలు.

సంతకం పెట్టకండి! ఉప్పెన వచ్చినప్పుడు సముద్రం ఆ చెట్ల దగ్గరే ఆగిందని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. అవి పోతే తరవాత ఆగేది మన ఇళ్ల మీదే. ఇక్కడ చూడండి, ఒకప్పుడు మట్టిపోసి పూడ్చేసిన చోటే ఇప్పుడు ఒక్కో మడ మొక్కా తెచ్చి నాటుతున్నారు. మొన్న శుక్రవారం మా ఆసుపత్రి వాళ్లమూ వెళ్లి మోకాల్లోతు బురదలో నాటాం. ఫిలిప్పీన్ సిస్టర్ ఒకావిడ బూటు ఇంకా అక్కడే ఉంది.

నా వార్డులో అబూ హసన్ అని ఒక పెద్దాయన ఉన్నారు. తుంటి ఎముక విరిగింది. ఫోన్‌లో మన అడవి ఫోటో చూపిస్తే కళ్లనీళ్లు పెట్టుకుని, "ఈ అడవి నాకిస్తే నా దగ్గరున్నదంతా ఇచ్చేస్తాను" అన్నారు. వాళ్ల ఊరి రొయ్యలూ చేపలూ చెట్లతోపాటే పోయాయట.

ఉంటాను,
రూతు

తా.క. సెలవు మీద వస్తున్న బ్లెస్సీ చేత ఉత్తరం పంపుతున్నాను. ఎమ్మెల్యేగారి ప్రేమ ఎన్నికలకు ముందు బామ్మర్ది చెరువుల మీదే పుట్టింది, పీతల మీద కాదు. ఈ ముక్క మాత్రం సంఘంలో చదవకండి.

మడలంక,
మార్చి 14

అమ్మా రూతూ,

ఎవరూ ఊహించని మేలు జరిగింది.

ఆదివారం ఓట్ల కోసమని ఎమ్మెల్యేగారు మన గుడికొచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నీ ఉత్తరం చదివాను. పెద్దాయన "ఉన్నదంతా ఇచ్చేస్తాను" అన్నాడనే దాకా వచ్చేసరికి దగ్గొచ్చి ఆగాను. ఎమ్మెల్యేగారు లేచి నిలబడ్డారు. "ఆ షేకుగారికి నూనె బావులెన్నండీ?" అన్నారు. నాకు తెలియదన్నాను. లెక్కపెట్టలేనన్ని అనుకున్నట్టున్నారు.

తెల్లారేసరికి పొక్లెయిన్ వెళ్లిపోయింది. అడవికి కాపలా పెట్టారు. కొనబోయే షేకుగారు వచ్చి చూసుకునేదాకా ఆకు కూడా రాలకూడదట. "మడ అడవి రక్షకుడు" అని ఎమ్మెల్యేగారి ఫోటోతో బోర్డు కూడా లేచింది.

మేనమామ,
దానం

తా.క. నిన్న పద్మనాభం గారు చెంబు పట్టుకుని అటు వెళ్లబోతే కాపలావాడు ఈల వేశాడు.

ఖతీఫ్,
మార్చి 17

మామయ్యా,

క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

అబూ హసన్ షేకు కాదు! చేపలు పట్టుకునే ఆయన. ఆయన దగ్గరున్నదంతా అంటే ఒక పాత పడవ, రెండు వలలు, నాలుగు మేకలు. నిన్న ఎమ్మెల్యేగారి పీఏ మా ఆసుపత్రికి ఫోన్ చేసి షేకుగారి మంచం నంబరూ, శాలువా కొలతా అడిగాడు. మా ఇన్‌ఛార్జి నన్ను పిలిచి, "సిస్టర్, మీరు పేషెంటు పేరు చెప్పి అడవులు అమ్ముతున్నారా?" అంది. ఇది పెద్దదైతే ఇక్కడ ఉండనిచ్చే నా ఇకామా రద్దు చేసి ఇంటికి పంపేస్తారు. నాకు చాలా భయంగా ఉంది. దయచేసి ఎమ్మెల్యేగారికి చాటుగా నిజం చెప్పేయండి. ఈ ఉత్తరం సంఘంలో చదవకండి.

కంగారులో,
రూతు

తా.క. అబూ హసన్‌కు చెబితే సెలైన్ స్టాండు ఊగేలా నవ్వారు. పడవ ఇస్తారట. కానీ ఎమ్మెల్యేగారే వచ్చి తోసుకుపోవాలట.

మడలంక,
మార్చి 23

బంగారుతల్లీ,

భయపడకు. నీ ఉత్తరం నిన్న సంఘంలో చదివాను. ఎమ్మెల్యేగారు ముందు వరసలో ఉండగానే, పడవ తోసుకోవడంతో సహా.

కానీ అంతకు రెండు రోజుల ముందే గ్రామసభ అయిపోయింది. షేకుగారు మెచ్చాలని, ఈ అడవి ఎప్పటికీ రక్షిత అడవిగానే ఉండాలంటూ తీర్మానం పెట్టింది ఆయనే. మొదటి సంతకం ఆయనది, రెండోది నాది. కాగితం కలెక్టరాఫీసుకు చేరింది, ఫోటో పేపర్లో పడింది. ఎన్నికలు నెల్లాళ్లలో ఉన్నాయి. ఇప్పుడు కాదనడం ఎలా? నిజం విని కండువా సర్దుకుని, "షేకు ఉన్నా లేకపోయినా ఈ అడవి నా ప్రాణం" అన్నారు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన కూడా నమ్మేసినట్టే ఉన్నారు. మీ ఇన్‌ఛార్జికి క్షమాపణ ఉత్తరం ఆయన చేతే రాయించి పంపుతున్నాను.

ఉప్పెననాడు నువ్వు మూడు నెలల పిల్లవు. నిన్ను గుండెకు కట్టుకుని ఆ చెట్ల వెనక నిలబడ్డవాణ్ణి నేను. ఆ అడవి మీద సంతకం పెట్టనా అని నిజంగానే అడిగాననుకున్నావా? నేను వద్దంటే ముసలాడి చాదస్తం. అదే మాట సౌదీ నుంచి వస్తే సువార్త. ఎమ్మెల్యేగారు ఏ ఆదివారం వస్తారో నాకు ముందే తెలుసు. నేను అబద్ధమాడలేదమ్మా. ముప్పై ఏళ్లుగా గల్ఫ్ ఉత్తరాలు చదువుతున్నవాణ్ణి, ఎవరి ముందు ఏ లైను దగ్గర దగ్గాలో నాకు తెలియదా?

నిన్ను చూసి పొంగిపోతూ,
మేనమామ దానం

తా.క. పద్మనాభం గారు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. ఖతీఫ్‌లో మడ మొక్కలు నాటే ఉద్యోగానికి వీసా ఏదైనా దొరుకుతుందేమో నిన్ను కనుక్కోమంటున్నారు.