పన్నెండణాల విమానం

ఫిబ్రవరి 3, మంగళవారం

శుక్రవారం ఆఫీసులో హాబీ ఫెయిర్. హెచ్ఆర్ హెడ్‌ని కాబట్టి లిస్టు నా దగ్గరికే వచ్చింది. బోన్సాయ్, క్రోషే, పాత కెమెరాలు. చివరి లైను: ఎయిర్‌మెయిల్ స్టాంపులు, కె. నరేందర్, నానక్‌రామ్‌గూడ, గెస్ట్.

ఆ పేరు గలవాళ్ళు ఈ ఊళ్ళో వేలమంది ఉంటారు. అయినా అప్రూవ్ కొట్టడానికి సాయంత్రందాకా ఆగాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

అతనే. జుట్టు నెరిసింది. సైకిల్ మీంచి పడినప్పుడు కనుబొమ మీద పడ్డ గాటు అలాగే ఉంది. "సంయుక్త గదా? స్టాంప్ క్లబ్బు" అని నవ్వాడు. మేం చదివిన టౌన్‌షిప్ స్కూల్ పేరు కూడా చెప్పాడు. నా టీమ్ పిల్లలు చుట్టూ ఉన్నారు, నేనూ నవ్వాను.

1911లో అలహాబాద్ నుంచి యమున దాటి నైనీకి విమానంలో ఉత్తరాలు వెళ్ళిన సంగతి వాళ్ళకు చెబుతున్నాడు. ఎగిరింది ఆరు మైళ్ళే, మోసింది ఆరున్నర వేల ఉత్తరాలట. "ఇప్పుడు మీరు మెసేజ్ గొట్టి రెండు టిక్కులు రాకుంటే పరేషాన్ అయితరు" అంటే పిల్లలు నవ్వారు.

పక్క బోర్డు మీద 1929 సెట్. ఆరూ ఉన్నాయి. చూడగానే నా గుండె తేలికపడింది. సిగ్గు లేకుండా తేలికపడింది.

ఫిబ్రవరి 7, శనివారం

రాసేస్తాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడా రాయను.

1989, తొమ్మిదో క్లాసు. సోషల్ చెప్పే బుల్లిబాబు మాస్టారు శనివారం మధ్యాహ్నాలు స్టాంప్ క్లబ్ నడిపేవారు. మ్యాపుల గది. తడి గొడుగుల వాసన, జిగురు వాసన. కవరు ముక్కల్ని గిన్నెలో గోరువెచ్చని నీళ్ళలో వేసి, స్టాంపు దానంతటది జారి విడిపోయేదాకా కూర్చునేవాళ్ళం. అంత ఓపిక మళ్ళీ నాకెప్పుడూ రాలేదు. అంత సంతోషం కూడానేమో.

ఆ రోజు సార్ తన సొంత సెట్ తెచ్చారు. 1929లో మన దేశంలో విమానం టపా కోసమే మొదటిసారి వేసిన ఆరు స్టాంపులు. రెండణాల నుంచి పన్నెండణాల దాకా, అన్నిటి మీదా విమానమే. పన్నెండణాలది ఇటుక రంగు. చేతులు మారుతూ నా దగ్గరికొచ్చింది. వదలబుద్ధి కాలేదు. జామెట్రీ బాక్సులో పెట్టేసుకున్నాను. సోమవారం ఇచ్చేద్దామనుకున్నాను, నిజంగానే.

సార్ చూసుకుంటే ఐదే ఉన్నాయి. ఎవరి సంచీ వెతకలేదు. నరేందర్ వైపు చూశారు. టౌన్‌షిప్ బయట నుంచి, ఊళ్ళోంచి సైకిల్ మీద వచ్చేవాడు వాడొక్కడే. "వచ్చే వారం నుంచి నువ్వు రానక్కర్లేదు నాన్నా" అన్నారు. మెత్తగా అన్నారు.

నేను నోరు విప్పలేదు.

వాళ్ళ నాయన వీపు వాయగొట్టాడని తర్వాత తెలిసింది. ఇద్దరం టెన్త్ దాకా అదే క్లాసులో ఉన్నాం. స్టాంపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఫిబ్రవరి 11, బుధవారం

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టిన అమ్మాయిని ఇవాళ టర్మినేట్ చేశాం. ఇంటిగ్రిటీ గురించి మాట్లాడింది నేనే.

ఫిబ్రవరి 14, శనివారం

నరేందర్ వాళ్ళింటికి వెళ్ళాను. షేర్ ఆటోలు ఆగేచోటు నుంచి లోపలికి సందు, పాత ఊరు. వాళ్ళావిడ రోహిణి టీ ఇచ్చింది. అతను కిటికీలోంచి మా ఆఫీసు బిల్డింగ్ చూపించి, "మీ లిఫ్టులున్న కాడ మా బాయి ఉండె. అండ్లనే ఈత నేర్చుకున్న" అన్నాడు. ఇష్టంగా చెప్పాడు, ఫిర్యాదులా కాదు.

ఆల్బమ్ తెరిచాడు. ఒక పేజీ నిండా ఒకటే స్టాంపు. ఇటుక రంగు పన్నెండణాలు. పదకొండు.

ఇన్నెందుకని అడిగాను. "యాడ కనవడ్డా కొంట. ఆగబుద్ధి గాదు" అన్నాడు. కాసేపటికి తనే చెప్పాడు. మొట్టమొదటిసారి ఇది దొరికింది 2006లోనట. దాన్ని తీసుకుని సార్ ఇంటికి వెళ్ళాడట. నేను తియ్యలేదు సార్, కానీ మీ సెట్ కొరతగా ఉండొద్దని కొనుక్కొచ్చిన అని చెబుదామని. కవర్ చేతిలో పెట్టాడో లేదో, సార్ భుజం తట్టి, "పోన్లేరా, ఇన్నేళ్ళకైనా తెచ్చిచ్చావు, అది చాలు" అన్నారట.

"ఇగ ఏం జెప్త? మొక్కి వచ్చిన" అన్నాడు.

అప్పుడు చెప్పాను. నేనే తీశానని. ఎన్ని మాటల్లో చెప్పానో గుర్తులేదు, రోహిణి లేచి లోపలికి వెళ్ళిపోవడం గుర్తుంది.

అతను ఆల్బమ్ మూసి అట్ట మీద చెయ్యి పెట్టాడు. "నాకు జెప్తే ఏమొస్తది? నేను తియ్యలేదని నాకు ఎర్కనే" అన్నాడు. "సార్‌కు జెప్పు" అన్నాడు.

గేటు దాకా రాలేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

బుల్లిబాబు మాస్టారు ప్రగతి నగర్‌లో కూతురు ఉదయశ్రీ దగ్గర ఉంటున్నారు. నంబర్ దొరికింది. దొరక్కపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను.

ఫిబ్రవరి 21, శనివారం

ఎనభై నాలుగేళ్ళు. చెరువు వైపు బాల్కనీలో కూర్చుని ఉన్నారు. పేరు చెబితే, "మ్యాపులు చక్కగా గీసేదానివి" అన్నారు. దాంతో ఇంకా కష్టమైంది.

స్టాంపు తీసి టీపాయ్ మీద పెట్టాను. ఆయన భూతద్దం తెప్పించుకున్నారు. ఉదయశ్రీ ఆల్బమ్ కూడా తెచ్చింది.

"మనకి ఆరూ ఉన్నాయి కదమ్మా. ఇదెక్కడిది?" అన్నారు.

"మీదేనండి. ఆ రోజు క్లబ్బులో నేనే తీశాను."

"మరి వాడు తెచ్చిచ్చింది?"

"కొని తెచ్చాడండి."

భూతద్దం కింద పెట్టారు. నన్ను తిట్టలేదు. తిట్టించుకుని తేలిగ్గా వచ్చేద్దామనే వెళ్ళాను నేను. "వాణ్ణి రెండుసార్లు దొంగని చేశానన్నమాట" అన్నారు, నాతో కాదు. ఉదయశ్రీ ఏదో సర్దిచెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఆ రోజు మీ సంచులెందుకు వెతకలేదో తెలుసా? మీ నాన్నలందరూ నాకు తెలిసినవాళ్ళు. వాడి నాన్న తెలీదు. అంతేనమ్మా. ఇంకే కారణం లేదు."

వాడి అడ్రస్ రాసిమ్మన్నారు. పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. మిమ్మల్ని నేను తీసుకెళ్తానండి అన్నాను.

"నువ్వొద్దు" అన్నారు.

ఫిబ్రవరి 28, శనివారం

ఏ కబురూ లేదు. ఈ వారమంతా లిఫ్ట్ ఎక్కినప్పుడల్లా కింద నీళ్ళున్నట్టే అనిపించింది.

మార్చి 8, ఆదివారం, మధ్యాహ్నం 2.40

నరేందర్ ఫోన్. "సార్ మా ఇంట్ల తిని పండుకున్నడు. లేపబుద్ధి అయితలేదు. ఆయన బిడ్డ ఫికర్ పడ్తదేమో, నంబర్ ఉన్నదా?" అన్నాడు.

పంపాను. నన్ను రమ్మనలేదు.