ఇంకా కాగని డోలు

ములకలపల్లి

భవానక్కా,

ఒక్క వాయిద్యమే కొనిపెడతానన్నావు, నేను చేసే టెక్నో సంగీతానికి డ్రమ్ మిషన్ మేలన్నావు. కోప్పడకు, నాకు శాంప్లరే కావాలి. మనం రికార్డు చేసిన చప్పుళ్లనే అది వాయిస్తుంది.

నాన్న పోయేముందు, విత్తనాల వేళ చేసే భూమి పండుగకి చివరిసారి డోలు వాయించింది నా ఫోన్‌లో ఉందని ఇన్నాళ్లూ గొప్పలు పోయాను కదా! నిన్న విన్నాను. తోలు బిగియాలని డోలు మంట దగ్గర కాచేటప్పుడే రికార్డింగ్ ఆన్ చేశాను. వాయించే వేళకి ఫోన్ నిండిపోయింది. అందులో మంట చిటపటలున్నాయి, పాట వెనక మెల్లగా సాగే యాంబియెంట్ చప్పుళ్లకి సరిపోతాయి. కాగిందో లేదో చూడటానికి నాన్న తోలు మీద వేలితో కొట్టిన చప్పుడుంది. నేను తొందరపెడితే, "ఆగు బిడ్డా, ఇంకా కాగలే" అన్నాడు.

డ్రమ్ మిషన్‌లో దరువులు బోలెడున్నాయక్కా. వాటిని ఎవరూ కాచలేదు.

నీ తమ్ముడు