తమ్ముడి సినిమాలో నాన్న

బ్రిగ్ హార్బర్, న్యూఫౌండ్‌లాండ్
1986 ఫిబ్రవరి 19

చిరంజీవి తమ్ముడు సిరిల్‌కి,

అక్క ఓలివ్ దీవించి రాయునది. ఇక్కడ చలి, మంచు, నేను ముగ్గురం క్షేమం. టొరంటోలో నువ్వు వేళకి తింటున్నావనీ, ఆ దగ్గు తగ్గిందనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. నీ సినిమా ఇంకా నా హాల్లో ఆడుతోందని పక్కింటి బెరిల్ ఫోన్‌లో చెబితే నీకు కళ్ళనీళ్ళు తిరిగాయని రాశావు. నాకూ తిరుగుతున్నాయి, సంతోషంతో మాత్రం కాదు.

అసలు ఏం జరిగిందో విను. మొదటి ఆటకి ఊరంతా వచ్చింది, సగం ఊరు మధ్యలోనే లేచిపోయింది. తెరమీద ముసలాయన వల బాగుచేస్తాడు, చేప కోస్తాడు, కిటికీ తుడుస్తాడు, కొడుకు వంక చూస్తాడు, మళ్ళీ వల. అంబ్రోస్ బాబాయి చీకట్లోంచి, “ఈ మనిషి చేప కోస్తున్నాడా, రొట్టెకి వెన్న పూస్తున్నాడా?” అన్నాడు. హాలంతా గొల్లుమంది. బాధపడతావని అప్పుడు నీకు రాయలేదు.

తరవాత కొత్త సినిమా వెయ్యాలి. ఓడలో వచ్చిన రీళ్ళు ఉప్పునీళ్ళకి తడిసి పాడయ్యాయి. ఈలోగా రేవు గడ్డకట్టింది. ఉత్తరాలు తెచ్చే చిన్న విమానంలో సినిమా డబ్బాలు ఎక్కించరు. అందుకని మళ్ళీ నీదే వేశాను. హాల్లో వెచ్చగా ఉంటుందని జనం వచ్చారు, కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. ఆ తరవాత ఏమైందో ఏమో, వారం తిరిగేసరికి కబుర్లు ఆగిపోయాయి. కిటికీ తుడిచే చోట, మొదట్లో అందరూ ఆవలించిన చోటే, బెరిల్ వెక్కివెక్కి ఏడ్చింది. కొడుకు పడవతాడు తప్పుగా కడతాడే, అక్కడ అందరూ ముందునుంచే నవ్వడానికి సిద్ధంగా ఉంటున్నారు. ఇప్పుడు ముందు వరస కుర్చీల కోసం కీచులాటలు.

పోనీ నచ్చితే నచ్చింది, ఎవరికి వాళ్ళు చూసుకుపోవచ్చు కదా. అందరూ నాకు పాఠం చెబుతున్నారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. నిన్న పోస్టాఫీసులో అంబ్రోస్ బాబాయి నన్ను ఆపి, “మీ నాన్న నోరు విప్పకుండా ఎట్టా మాట్లాడేవాడో సిరిల్‌గాడు భలే పట్టుకున్నాడే. నీకింకా ఎక్కలేదంటే సరిగ్గా చూళ్ళేదన్నమాట” అన్నాడు.

నేను ప్రొజెక్టర్ పక్కన నించుని రోజూ చూస్తూనే ఉన్నాను బాబాయ్ అన్నాను.

“నించుని చూడ్డం వేరమ్మాయ్, కుదురుగా కూచుని చూడ్డం వేరు” అన్నాడు.

నేను కూచుంటే రీలు ఎవరు మారుస్తారు, నువ్వా అన్నాను. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

మొదట్లో నచ్చలేదు సిరిల్, ఇప్పుడూ నచ్చలేదు. ఆ ఇంట్లో నేల అంత శుభ్రంగా ఎలా ఉంది? పొయ్యి మీద చారు ఎవరు పెట్టారు? మన నాన్నకి ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలిసేది కాదు. ఇంతమంది ఇన్నిసార్లు చూశారు, ఒక్కరికీ ఈ అనుమానం రాలేదు.

మంచు కరిగాక పత్రికలవాళ్ళని వెంటబెట్టుకుని వస్తానన్నావు. ఆట ముందు నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నావు. నేను మాట్లాడను. బెరిల్‌ని అడుగు, మైకు చేతికిస్తే ఇక దించదు. నువ్వొస్తే గది సర్దిపెడతాను, చేపలు వేయించి పెడతాను. అంతవరకే.

చలిలో తిరగకు. మెడకి ఏదన్నా చుట్టుకో.

ఇట్లు,
కోపంలోనూ నీ మేలు కోరే
అక్క ఓలివ్

తా.క.: రీళ్ళు తడవలేదు. ఊరికీ నీకూ అబద్ధం చెప్పాను. కొత్త సినిమా డబ్బాలు నా మంచం కింద భద్రంగా ఉన్నాయి. మన నాన్నకి ఇద్దరు పిల్లలు సిరిల్. నీ సినిమాలో ఒక్క కొడుకే ఉన్నాడు. అమ్మ పోయాక మీ ఇద్దరికీ వండిపెట్టిన పిల్ల అందులో ఎక్కడా లేదు. మళ్ళీ మళ్ళీ చూస్తే అందరికీ ఏదో ఒకటి దొరుకుతోంది కదా, నేనూ దొరుకుతానేమోనని వేస్తూ పోయాను. మొన్న ఒకటి కనబడింది. చివర్లో ముసలాయన టీ తాగబోతూ ఆగి, ఇంకో కప్పు నింపి బల్ల అవతలికి జరుపుతాడు. కొడుకు అప్పటికే పడవెక్కి వెళ్ళిపోయాడు. అవతల ఎవరున్నారో నువ్వు చూపించలేదు. ఆ కప్పు నాకేనా? నువ్వు చెప్పకుండా ఆ నటుడు తనంతట తను జరిపి ఉంటే మాత్రం, దాని గురించి ఏమీ రాయకు.