ఎడమ చెంప మీద చూపు

జూన్ 10, మంగళవారం

వెళ్లకూడదనే అనుకున్నాను. బండి మాత్రం సిద్ధం చేశాను. ఆయిల్ మార్చాను, గొలుసు బిగించాను, ముందు బ్రేకు సరిచూసుకున్నాను. షెడ్డులో అన్నయ్య రోస్కో బండి మీద దుప్పటి కప్పి ఉంది. దానికి వీపు పెట్టి పని చేసుకున్నాను.

సోరెల్ ఫోర్క్ పాటల పండగ నడిపే ఆర్లిస్ ఫోన్ చేశాడు. ఆదివారం పొద్దున భక్తి పాటలు ప్రతి ఏడూ మీవే కదా, కాగితం మీద పేరు కూడా వేసేశాను అన్నాడు. స్టిల్ట్‌నర్ అన్నాచెల్లెళ్లు అని వేశాడట. చెల్లెలు ఉంది సరే, అన్న ఏడీ అని అడిగాను. అలవాటులో వేసేశానమ్మా వెల్డా, శనివారం మధ్యాహ్నంలోగా చెప్పు, నువ్వు పాడనంటే ఇంకొకరికి ఇవ్వక తప్పదు అన్నాడు.

ఒళ్లు మండింది. అయినా ఆయన తప్పేముంది? ఫిబ్రవరిలో రోస్కో గుండె ఆగిపోయింది. నేనే నాలుగు నెలలుగా ఇంకా ఇద్దరికి కాఫీ పెడుతున్నాను.

ఈ ఏడు మానేస్తే ఇక జన్మలో పాడను. నా సంగతి నాకు తెలుసు.

జూన్ 11

గిటార్ బయటికి తీశాను. మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

జూన్ 12, గురువారం, సాయంత్రం

వచ్చేశాను. గిటార్ వీపుకి కట్టుకుని, పదహారో నంబరు రోడ్డు మీదుగా, మూడు కొండలూ ఎక్కి దిగి.

ఇద్దరు కలిసి వెళ్తే ముందు బండి మా దారిలో ఎడమ పక్కన, వెనక బండి కుడి పక్కన. అలా అయితే ఒకరు బ్రేకు వేసినా ఇంకొకరు వెళ్లి గుద్దుకోరు. రోస్కో ఎప్పుడూ ముందు. ఈ రోజు ముందు ఎవరూ లేరు. అయినా దారంతా కుడి పక్కనే నడిపాను. ఎడమకి జరుగుదామని రెండు మూడుసార్లు అనుకున్నాను, చేతులు మాట వినలేదు.

కొండల మీద రోడోడెండ్రాన్ పూలు విరగబూశాయి. లోయలో పొగమంచు ఇంకా లేవలేదు. మామూలుగా అయితే ఆగి చూసేదాన్ని. ఇవాళ ఆగలేదు. హెల్మెట్ లోపల ఎడమ చెంప ఒకటే జిలగా ఉంది. ఎవరో పక్క నుంచి కన్నార్పకుండా చూస్తుంటే ఉంటుంది చూడు, అలా. ఫిబ్రవరి నుంచీ ఇదే వరస. వంటింట్లో, చర్చిలో, కొట్లో, ఎక్కడైనా సరే. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. డాక్టరు నరాల బలహీనత అన్నాడు.

మూడో కొండ మీద ఒక మలుపుకి ముందు ఊరికే బ్రేకు వేశాను. ఎందుకు వేశానో తెలీదు. మలుపు తిరిగితే దుంగల లారీ, సగం నా దారిలోకి వచ్చేసి ఉంది. లారీ పోయేదాకా గట్టు పక్కన నిలబడ్డాను.

మేరియన్ ఊరు దాటాక ఫేరీన్ హోటల్ దగ్గర ఆగాను. ఏటా అక్కడే ఆగుతాం. నేను హెల్మెట్ తీసేలోపే వేడి గ్రేవీ పోసిన మెత్తటి బిస్కెట్ రొట్టెలు రెండు ప్లేట్లు తెచ్చి పెట్టింది. ఏమే, రెండు బళ్ల చప్పుడు వినిపించింది, వాడేడీ అంది. అనేశాక నాలుక కరుచుకుంది. అంత్యక్రియలకి పూలు పంపింది తనే. కొండల్లో చప్పుడు తిరిగొస్తుంది కదా ఫేరీన్ అన్నాను. నేను పుట్టింది ఇక్కడే, ఎన్నడూ తిరిగి రాలేదే అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

రెండు ప్లేట్లూ నేనే తిన్నాను. పారేయడం దేనికి.

జూన్ 13, శుక్రవారం

గొడవ అయింది.

ఇక్కడ పద్ధతి ఒకటి ఉంది. పండగ మొదలయ్యే ముందు రోజే అందరూ మడత కుర్చీలు తెచ్చి స్టేజీ ముందు వేసేస్తారు. మూడు రోజులు ఆ చోటు వాళ్లదే. ఎవరూ కుర్చీ కదపరు. కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరైనా కూర్చోవచ్చు, సొంతదారు రాగానే మారుమాట లేకుండా లేవాలి.

బ్యాంజో వాయించే హోబర్ట్ మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా కుర్చీలు ఏటా వాడే వేస్తాడు. ఈసారి కూడా రెండూ వేశాడు. ఎందుకు వేశావురా అంటే, ఒకటే వేద్దామని చూశానే, చెయ్యి రాలేదు అన్నాడు. నాది కుడి కుర్చీ, రోస్కోది ఎడమది. పొద్దుటి నుంచీ దాని జోలికి ఎవరూ రాలేదు. జనం కిటకిటలాడుతున్నారు, ముసలివాళ్లు నిలబడి ఉన్నారు, అయినా ఆ కుర్చీని చుట్టి పోతున్నారు. పాడుబడిన బావి పక్క నుంచి పోయినట్టు పోతున్నారు.

నిమ్మరసం కొనుక్కుని వచ్చేసరికి అందులో ఒకావిడ కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. ముప్పై దాటి ఉంటాయి. నన్ను చూసి, ఇది మీదా, లేవనా అంది. నాది కాదన్నాను. అయితే ఎవరిదో వాళ్లొచ్చాక లేస్తాలెండి, కాళ్లు పీకేస్తున్నాయి, అటు చివర కారు పెట్టించారు దొంగవెధవలు అంది.

చుట్టూ ఉన్నవాళ్లు గుడ్లప్పగించి చూస్తున్నారు. హోబర్ట్ పరుగెత్తుకొచ్చి, లేవమ్మా లే, అది చనిపోయినాయన కుర్చీ అన్నాడు.

ఆవిడ ముఖం ఎర్రబడింది. కాని లేవలేదు. ఆయనొస్తే లేస్తాను, పద్ధతి అదే కదా అంది.

లాగి ఒకటి కొడదామనిపించింది. నవ్వొచ్చింది. నాలుగు నెలల్లో మొదటిసారి నవ్వాను, ఆ నవ్వు సగంలో ఏడుపైపోయింది. ఆవిడ తన బూట్లు పక్కకి నెట్టి, నన్ను నా కుర్చీలో కూర్చోబెట్టి, నా నిమ్మరసం తనే సగం తాగేసింది.

పేరు టామ్సిన్. పాడుతుందట. ఎవరితో అంటే, ఎవరూ దొరకలేదండీ అంది.

జూన్ 14, శనివారం, పొద్దున పది

హోబర్ట్ వ్యాను దగ్గర పది మందిమి గుండ్రంగా చేరి వాయించుకున్నాం. హోబర్ట్ నన్ను సతాయించాడు. ఒక్క పాట పాడవే, ఆ పిల్లని టెనర్ అందుకోనీ, పోయేదేముంది అని.

టెనర్ అంటే పైన పలికే గొంతు. పాట నడిపేది నేను, పైన రోస్కో. ఇన్నేళ్లూ అంతే.

మొదటి చరణం బాగానే పాడాను. పల్లవి దగ్గర టామ్సిన్ పైనుంచి అందుకుంది. శ్రుతి తప్పలేదు. తప్పి ఉంటే బాగుండేది. పాట మధ్యలో గిటార్ దించేసి లేచి వచ్చేశాను. ఇలా ఎవరూ చేయరు. గుంపులో కూర్చుని పాట మధ్యలో వదిలేయడం కంటే పెద్ద తప్పు మా వాళ్లలో లేదు.

ఆర్లిస్‌కి పాడనని చెప్పేస్తాను.

అదే రోజు, మధ్యాహ్నం

చెప్పలేదు.

టామ్సిన్ వాగు ఒడ్డుకి వెతుక్కుంటూ వచ్చింది. ఓదారుస్తుందేమో, అరుద్దామని కాచుకుని ఉన్నాను. ఆవిడ మాత్రం తిట్టింది. పై గొంతు నాకు చావుతో సమానం వెల్డా గారూ, నరాలు తెగిపోతున్నాయి, నాది లోతు గొంతు, నేను పాట నడిపేదాన్ని, మీ కోసం పైకెక్కితే మీరు మధ్యలో వదిలేసి పోతారా అంది. నేను కూడా గట్టిగానే అరిచాను. ఆ చోటు నీది కాదు అన్నాను. నాకొద్దు ఆ చోటు, మీరే పెట్టుకోండి అంది.

నేను ఒక రాయి తీసి వాగులోకి విసిరాను.

తర్వాత ఆవిడే, నదికి అవతలి ఒడ్డు గురించిన పాట, మెల్లగా మొదలుపెట్టింది. నిజంగానే నాకంటే లోతు గొంతు. పల్లవి వచ్చేసరికి పైన ఎవరో అందుకున్నారు. నేనే. రోస్కో పాడిన ప్రతి వంపూ నా గొంతులో ఉంది. ఎప్పుడు చేరిందో తెలీదు.

పన్నెండు కొట్టకముందే ఆర్లిస్ దగ్గరికి పరుగెత్తాను. పాడతాను, పేరు మార్చు అన్నాను.

జూన్ 15, ఆదివారం

పాడాం. ఇప్పుడే రాయాలి.

ఒకటే మైకు, ఇద్దరమే. టెనర్ ఎప్పుడూ ఎడమ పక్కన. కాబట్టి నేను రోస్కో నిలబడే చోట నిలబడ్డాను. టామ్సిన్ నా చోట. ఎదురుగా జనం, టోపీలు తీసి ఒళ్లో పెట్టుకుని.

పాట నడిపేవాళ్లు జనాన్ని చూస్తారు. ఇన్నేళ్లూ నేను జనాన్నే చూశాను. ఈ రోజు తెలిసింది, టెనర్‌కి జనాన్ని చూసే వీలుండదు. పక్కవాళ్ల నోటినే చూస్తూ ఉండాలి. ఎక్కడ ఊపిరి తీస్తారు, ఏ మాట సాగదీస్తారు, ఎప్పుడు వదిలేస్తారు, అంతా పెదవుల మీద కనబడుతుంది. ఒక్క క్షణం చూపు తిప్పితే పోతుంది. కన్నార్పితే పోతుంది. మొదటి పాట నుంచి చివరిదాకా టామ్సిన్ ఎడమ చెంప, పెదవి అంచు, అవే చూశాను. జనం ఉన్నారో లేరో తెలీదు.

అన్నయ్యా, ఇన్నేళ్లూ ఇలాగే చూశావా నన్ను? నేను ఒక్కసారైనా నీ వైపు తిరిగానా?

జనం లేచి నిలబడ్డారట. హోబర్ట్ చెప్పాడు. నేను స్టేజీ వెనక గడ్డిలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఏడుస్తూ చెంప తడుముకున్నాను. ఎడమ చెంప మీద ఏమీ లేదు. ఫిబ్రవరి నుంచి ఉన్న ఆ జిల పోయింది. పొమ్మని ఎవరు చెప్పారు?

జూన్ 16

ఇల్లు చేరాను. దారిలో ఎవరూ చూడలేదు.

జూన్ 18, బుధవారం

టామ్సిన్ ఫోన్ చేసింది. వచ్చే నెల ఇంకో చోట పాడదామంది. సరే అన్నాను.

పెట్టేసే ముందు, ఒక్క మాట అడగనా, నవ్వకండి అంది. ఆదివారం నుంచీ కుడి చెంప జిలగా, ఎవరో చూస్తున్నట్టు ఉందట. స్టేజీ మీద మీరు ఎడమవైపు నుంచి చూశారు సరే, కుడివైపు నుంచి చూసిందెవరు అని అడిగింది.

అలవాటవుతుంది అన్నాను.