గులాబీలు కావు, బీన్స్

కెంటకీ రాష్ట్రం, పాయింటర్ కౌంటీ, గ్రాసీ ఫోర్క్ వాగు ఒడ్డున కాపురముంటున్న లైల్ ఎడ్విన్ హోస్టెట్లర్ అనే నేను, డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో, మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న మరణశాసనమిది. మతి సరిగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. ఎదురింటి ఆర్వెల్లా స్టిడమ్ మాత్రం, "ఇప్పుడు కుదిరిందా? నలభై ఎనిమిదేళ్ళ కిందట ఎక్కడికెళ్ళిందో!" అంది. అసలు సంగతికి వస్తున్నాను. గతంలో రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు.

1. నిర్వాహకుడిగా వకీలు హైరమ్ ఫుగేట్‌ను నియమిస్తున్నాను. సొంత వ్యాఖ్యలు తీసేయమని ఆయన ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు.

2. ఇల్లు, కొండవాలు నాలుగెకరాలు, గిటారు మా అక్క కొడుకు డ్వైట్‌కు దఖలు పరుస్తున్నాను. వాడు ఏటా ఒహైయో నుంచి వచ్చి, వారం రోజులు నా తిండి తిని, నేను కూడా ఒహైయోలోనే పుట్టానని ఇక్కడ ఎవరికీ చెప్పకుండా వెళ్ళేవాడు. ఆ నోటికట్టుకు ఇది ప్రతిఫలం. ఇకపై చెప్పుకోవచ్చు.

3. కౌంటీ సరిహద్దులో "'గులాబీల దారం' పాట రాసిన మన ముద్దుబిడ్డ పుట్టిన గడ్డ" అని ఒక బోర్డుంది. దాన్ని పీకి, ఎవరి కోళ్ళ గూటికైనా కప్పుగా వేసుకోవచ్చు. ఆ పాట రాసేనాటికి నేను కెంటకీ గడప తొక్కి ఎరగను. పాట రేడియోలో మోగిపోతుంటే, కెంటకీ వాళ్ళు నన్ను తమవాడే అనుకుని సన్మానానికి పిలిచారు. వేదిక మీద ఒక పెద్దమనిషి, "ఇంతకీ మీది ఏ వాగు, బాబూ?" అని అడిగాడు; ఈ కొండల్లో ఊరికి బదులు వాగు పేరే చెప్పుకుంటారు. నాకు తెలిసిన వాగు పేరు ఒక్కటే, అదీ ఆర్వెల్లా నోట విన్నది. "గ్రాసీ ఫోర్క్ అండీ" అన్నాను. నెల తిరక్కుండా బోర్డు లేచింది. ఆ అబద్ధానికి కాపలా కాయడానికి ఇక్కడే ఇల్లు కొనుక్కుని జీవితమంతా గడిపాను.

4. రాష్ట్రాల మీద పాటలు కట్టే సోదరులకు నా ప్రాసల పుస్తకం ఇస్తున్నాను. ఒక అమ్మ, ఒక నది, ఒక మట్టిరోడ్డు, కాస్త వెన్నెల వేస్తే ఏ రాష్ట్రానికైనా సరిపోతుంది. నా పాటలో కూడా మొదట కెంటకీ బదులు నెబ్రాస్కా అనే ఉండేది.

తర్వాత జరిగింది ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను. 1964లో పక్క రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పాటలు రాసే ఆఫీసులో ఉద్యోగం నాది. ఆర్వెల్లా అక్కడ ఫోన్లు ఎత్తేది, ఇరవయ్యేళ్ళ పిల్ల. ఒక మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి నా నెబ్రాస్కా విని, "ఏంటండీ ఆ చప్పిడి పాట! మా అమ్మయితే బీన్స్‌ని దారానికి గుచ్చి పొయ్యి వెనక ఆరేస్తుంది. నాన్న గని లోంచి ఎక్కొచ్చేదాకా గుచ్చుతూనే ఉంటుంది. ఆయన ఆలస్యమైతే దారం పొడుగవుతుంది" అంది. నెబ్రాస్కా కొట్టేసి, ఆ మాటలు అలాగే పాటలోకి రాసుకున్నాను. అలాంటి వాక్యం నాకు అంతకుముందు రాలేదు, తర్వాతా రాలేదు.

అక్కడొక ఆచారం ఉండేది. పాట పూర్తయి పేర్లు రాసేటప్పుడు తలుపు వేస్తారు. గదిలో ఎవరుంటే వాళ్ళందరూ రచయితలే. బయట ఉన్నవాళ్ళకు పేరు లేదు. కలం మూత తీసి, "ఆర్వెల్లా, కాస్త కాఫీ పట్రామ్మా" అన్నాను. తెలిసే అన్నాను. ఆమె తిరిగొచ్చేసరికి కాగితం మీద రెండు పేర్లున్నాయి. ఒకటి నాది. రెండోది బడ్ కెసింగర్‌ది. అతను సోఫాలో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు, కానీ గదిలోనే ఉన్నాడు కదా!

5. బీన్స్ అంటే ఎవరూ కొనరని గులాబీలు పెట్టింది కూడా నేనే. ఈ కొండల్లో గులాబీలు దారానికి గుచ్చిన తల్లిని ఇంతవరకు ఎవరూ చూడలేదు. అయినా రాష్ట్రమంతా కళ్ళు తుడుచుకుంటూ పాడుతుంది. నాకు కానుకగా వచ్చిన ప్లాస్టిక్ గులాబీల దండలు, మొత్తం పదకొండు, వాటిని అమ్ముకుని బతికే కౌంటీ పర్యాటక సంఘానికి తిరిగి ఇస్తున్నాను.

6. 'గులాబీల దారం' మీద నాకున్న సర్వహక్కులు ఆర్వెల్లా స్టిడమ్‌కు. ఇక మీదట ఎక్కడ అచ్చయినా ఆమె పేరు ముందుండాలి. ఆమె మాటలు నేను గీకి రాసుకున్న పసుపు కాగితం కూడా ఆమెకే. అది బైబిల్లో ఉంది, నేను ఎప్పుడూ తెరవని చోటు కనుక భద్రంగానే ఉంటుంది. ఆమె నాష్‌విల్ నుంచి తన ఊరికి తిరిగొచ్చి ఎదురింట్లో నలభై ఏళ్ళుంది. ఏ చలికాలమూ తప్పకుండా ఎండు బీన్స్ పందిమాంసంతో ఉడికించి గిన్నె పంపింది. పాట సంగతి ఒక్కరికీ చెప్పలేదు. ఎందుకని ఒకసారి అడిగాను. "నువ్వే చెప్తావేమోనని చూస్తున్నా" అంది. నాకు చాలా సిగ్గుగా ఉంది. ఈ మాట తీసేయవద్దు, ఫుగేట్.

7. నా శవం దగ్గర ఆ పాట పాడవద్దు. వద్దన్నా పాడతారని తెలుసు, పాయింటర్ కౌంటీ జనం పందెంకోడి చచ్చినా పాడారు. కనీసం "బీన్స్" అని పాడండి. రాగానికి అదే బాగా కుదురుతుంది, ఎప్పుడూ కుదిరింది.

8. ఆస్తి పొందే మనిషి సంతకాల వేళ గదిలో ఉండకూడదని, ఆర్వెల్లాను కాసేపు బయటికి పంపమని ఫుగేట్ అన్నాడు. పంపను. ఆమె పొయ్యి పక్కన నా కుర్చీలో కూర్చుని ఉంది, కాఫీ పెట్టుకుంది, ఒక్క కప్పే. సాక్షులూ నేనూ వరండాలోకి వచ్చాం. మంచు పడుతోంది. సంతకం వంకరగా ఉంటే అది చలి వల్ల. ఈసారి తలుపు తెరిచే ఉంచాం.

2012 జనవరి 19, గ్రాసీ ఫోర్క్, వరండాలో.

(సంతకం) లైల్ ఎడ్విన్ హోస్టెట్లర్

సాక్షులు:
మోజెల్ నోబుల్, తపాలా ఉద్యోగిని
ఎస్టిల్ డీటన్, చర్చి గాయకుడు