పదకొండు కిలోమీటర్ల అనుమానం

కరీంనగర్ జిల్లా కోరుట్ల పట్టణంలో నివాసం ఉంటూ, సిరిసిల్ల పక్కనున్న తంగళ్ళపల్లి స్వగ్రామంగా గల, కీర్తిశేషులు బొల్లె పోశం కుమారుడనైన బొల్లె జైపాల్ అను నేను, వయస్సు యాభై ఒక్క సంవత్సరాలు, వృత్తి బస్సు డ్రైవరు, నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా.

వచ్చే సోమవారం హైదరాబాదులో నా గుండెకు ఆపరేషన్ ఉంది. భయం లేదని డాక్టరు చెప్పాడు. అదే మాట రెండుసార్లు చెప్పాడు కనుకనే ఇది రాయిస్తున్నాను. నా బుద్ధి సరిగ్గా ఉంది. ఒంట్లో గుండె తప్ప మిగతావన్నీ నా మాట వింటున్నాయి. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. పైగా నా భార్య సారక్క "గిప్పుడెందుకు గీ రాతలు" అని అడ్డుపడింది. ఎందుకు అడ్డుపడిందా అని రెండు రోజులు ఆలోచించాను. ఏమీ దొరకలేదు.

1. కోరుట్లలో నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, ముందరి వాకిలి, బోరింగు సహా, నా తదనంతరం నా భార్య సారక్కకు సర్వహక్కులతో చెందవలెను. ఆమె బతికి ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఎవరూ వాటా అడగరాదు. ముందు గదిలో గోడ మీది నల్లటి గీత నా బండి హ్యాండిల్ తగిలి పడినది. దానికి సున్నం వేయించడమో, అలాగే ఉంచుకోవడమో ఆమె ఇష్టం.

2. తంగళ్ళపల్లిలో మా తండ్రిగారి ఇంటి స్థలంలో నా సగం వాటా నా తమ్ముడు రాకేశ్‌కు దఖలు పడవలెను. అతను సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేసి, అద్దె గదిలో ఉంటున్నాడు. 2003లో నా స్కూటరు కిక్‌రాడ్ విరగ్గొట్టి "దానంతట అదే ఇరిగింది" అన్నది అతనే. ఆ సంగతి నేను మరిచిపోలేదని కూడా ఇందులో రాయిస్తున్నాను. స్థలం మాత్రం ఇస్తున్నాను.

3. ఇక బండి. ఎర్ర రంగు, రెండు వందల సీసీ స్పోర్ట్స్ బైకు, నా పేర రిజిస్టరైనది. ఎవరికి ఇస్తున్నానో చెప్పేముందు ఎందుకు ఇస్తున్నానో రాయాలి. లేకపోతే నా తర్వాత తలా ఒక కథ చెబుతారు.

ఇరవై మూడేళ్ళు యాభై మందిని వెనక కూర్చోబెట్టుకుని, చెయ్యెత్తిన ప్రతిచోటా ఆపుకుంటూ బస్సు నడిపాను. ఎప్పుడైనా ఒక్కడినే, ఎక్కడా ఆగకుండా పోవాలని ఆశ ఉండేది. 2011 ఆగస్టులో పాత స్కూటరు ఇచ్చేసి, చిట్టీ ఎత్తుకుని, జగిత్యాల పోయి ఆ బండి తెచ్చుకున్నాను. పాస్టరుగారు ట్యాంకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అది సరిపోతుందో లేదోనని డిపో వెనక రెండు నిమ్మకాయలు కూడా తొక్కించాను. ఈ విషయం సారక్కకు ఇంతవరకూ తెలియదు.

ముందుకు వంగి నడపడంతో మణికట్లు, నడుము నొప్పి పెట్టేవి. వెనక సీటు మరీ ఎత్తుగా ఉందని సారక్క ఒక్కసారే ఎక్కి, సగం దారిలో దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడపాలని బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంది కనుక, మోపెడ్ల వాళ్ళు నన్ను దాటి వెనక్కి తిరిగి చూస్తున్నా ఓర్చుకున్నాను. ఎవరైనా దగ్గర నిలబడితే గీత పెడతాడేమో అనుకున్నాను. మెచ్చుకుంటే దిష్టి అనుకున్నాను. ఏమీ అనకుండా పోతే కుళ్ళు అనుకున్నాను. గడపకు చెక్క వేసి బండిని ముందు గదిలోకి ఎక్కించి, మేము వంటింట్లో సర్దుకున్నాం.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులన్నీ నిలిచిపోయాయి. మేమంతా డిపో గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. మొదటి రోజు బండి మీదే పోయాను. నా బస్సు కండక్టరు వెంకటి అందరి ముందూ అన్నాడు: "మా జీతాలు బందైనయ్. నీకేమో కొత్త బండచ్చింది. ఎవరిచ్చిండ్రు జైపాల్? సాటుంగ బస్సు తీస్తనని ఎవరికన్న మాటిచ్చినవా?" కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. నేను నవ్వనివాళ్ళ ముఖాలే చూశాను. మరునాటి నుంచి బండి ఇంట్లో ఉంచి నడిచి పోయాను.

అయిదో రోజు బండి తుడుస్తూ మీటరు చూశాను. పదకొండు కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ఉంది. నా కళ్ళే తప్పనుకుని, అంకెను క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసుకున్నాను. రోజు విడిచి రోజు అదే పదకొండు. తాళం చూస్తే నా జేబులోనే ఉంది. చక్రానికి దారం కట్టి పోయాను. సాయంత్రం దారం అలాగే ఉంది, ముడి నేను వేసినట్టే ఉంది, మీటరు మాత్రం పెరిగింది.

ముందు రాకేశ్‌ను అనుమానించాను. బండి కొన్న వారానికే వచ్చి "అన్నా, ఒక్క రౌండు ఏసుకస్త" అని అడిగినవాడు అతను. వారం రోజులు అతని ఫోను ఎత్తలేదు. తర్వాత వెంకటిని అనుమానించాను. కాని అతను రోజంతా నా కళ్ళ ముందే టెంటులో కూర్చునేవాడు. అప్పుడు రెండో తాళంచెవి గుర్తొచ్చింది. మొదటి సర్వీసింగుకు ఇచ్చినప్పుడు దాన్ని మెకానిక్ మజర్ చేతికిచ్చాను. తిరిగి తీసుకున్నట్టు గుర్తు లేదు.

మజర్ ఇరవై ఏళ్ళుగా నా స్కూటరు బాగు చేసినవాడు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదిహేను రోజులు నా బిడ్డ దీవెనను బడికి దింపి తెచ్చినవాడు. ఒక మధ్యాహ్నం సమ్మెలో ఉన్నవాళ్ళ కోసం కేతలీలో చాయ్ తెచ్చాడు. నేను గ్లాసు అందుకోలేదు.

"నా బండి మీద దొంగతనంగ తిరుగుతున్నది నువ్వే గదా మజర్? తాళం నీ దగ్గర్నే ఉంది" అని టెంటులో అందరి ముందూ అన్నాను.

అతను గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. "జైపాలన్నా, ఇరవై ఏండ్ల సంది నీ బండి ఇప్పుతున్న, బిగిస్తున్న. ఒక్క నట్టన్న తక్కువైందా?" అన్నాడు.

"నట్టెందుకు తీస్తవ్, బండే నీ చేతిల ఉన్నంక" అన్నాను.

కేతలీ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ చాయ్ ఎవరూ తాగలేదు.

దొంగ దొరికాడని ఇంట్లో చెప్పాను. సారక్క పొయ్యి వైపు తిరిగింది. దీవెన సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కుంది. ఊరందరి మీదా వచ్చిన అనుమానం నాకు ఆ ఇద్దరి మీద రాలేదు. మరునాటి నుంచి మీటరు కదలలేదు. నా మాటే నిజమైందని మురిసిపోయాను.

అక్టోబరులో రోడ్డు మీద వంటావార్పు పెట్టాం. దారి పొడవునా చెట్లు కొట్టి అడ్డం వేశారు. ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చున్న నాకు ఎడమ చెయ్యి లాగింది. తర్వాత ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. జగిత్యాల నుంచి బయలుదేరిన అంబులెన్సు పడిన చెట్టు అవతల ఆగిపోయింది. వెంకటి మా ఇంటికి ఫోను చేశాడు. కొద్దిసేపట్లో నా ఎర్ర బండి నా వైపే వస్తూ కనిపించింది. అంత నొప్పిలోనూ ముందుగా వచ్చిన ఆలోచన, దొంగ దొరికాడని. హెల్మెట్ తీస్తే దీవెన.

ఆమె నన్ను మధ్యలో కూర్చోబెట్టి, తన చున్నీతో నన్ను తన నడుముకు కట్టించుకుంది. వెనక వెంకటి ఎక్కి నా భుజాలు పట్టుకున్నాడు. రోడ్డు వదిలి కాలువ కట్ట ఎక్కింది. ఒకచోట రాళ్ళు పేర్చి ఉన్నాయి. "ఎవలు బిడ్డా నువ్వు?" అని అక్కడ కాపలా ఉన్నవాళ్ళు అడిగారు. "బస్సు డ్రైవరు బిడ్డను. మా బాపుకు గుండెనొస్తుంది" అంది. ఆ పెట్టినవాళ్ళే రాళ్ళు తీశారు. గుంత రాకముందే గేరు తగ్గించడం, వెనక బ్రేకు మెల్లగా నొక్కడం చూశాను. అది మజర్ నడిపే తీరు. పాతిక కిలోమీటర్లూ ఆమె వీపు మీద తల ఆనించి అదే ఆలోచించాను.

జగిత్యాల ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని అన్నీ చెప్పింది. సమ్మె వల్ల మార్కెట్‌యార్డు ఖాళీగా ఉండేది. మజర్ అక్కడ ఆమెకు బండి నేర్పాడు. ఎవరూ ఒక మాట అనకుండా అతని భార్య రషీదాబీ కుర్చీ వేసుకుని అక్కడే కూర్చునేది. రెండో తాళంచెవి మజర్ ఎప్పుడో సారక్కకు ఇచ్చేశాడు. గడపకు చెక్క వేసిందీ, చక్రానికి దారం విప్పి మళ్ళీ నా ముడే వేసిందీ సారక్క. "మా బాపుకు చెప్పకు కాకా" అని దీవెన అడిగితే మజర్ సరేనన్నాడు. టెంటులో నేను దొంగ అన్నప్పుడు కూడా ఆ మాట మీదే నిలబడ్డాడు. ఆ తర్వాత దీవెన ఏడ్చుకుంటూ పోయి "నేనే చెప్త కాకా" అంటే, "మీ బాపు కోపం తగ్గనియ్ బిడ్డా" అన్నాడట.

ఆమె నన్నెందుకు అడగలేదంటే, బండి తెచ్చిన రోజే అడిగింది. "ఆడపిల్లకు గీ బండేంది" అని నేనే అన్నాను.

కాబట్టి సదరు బండి, కాగితాలు, రెండు తాళంచెవులతో సహా, నా కుమార్తె దీవెనకు చెందవలెను. పెళ్ళయిన తర్వాత కూడా అది ఆమె పేరనే ఉండవలెను. భర్తగాని, మామగాని, మరిది గాని "ఒక్క రౌండు" అని అడిగితే ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆమె ఇష్టం. హెల్మెట్ లేకుండా నడిపితే ఈ క్లాజు రద్దయినట్టు భావించాలని రాయమన్నాను. అది చెల్లదని దస్తావేజు లేఖరి అన్నాడు. అయినా రాయమన్నాను.

4. నన్ను తంగళ్ళపల్లిలో మా అమ్మ పక్కన మట్టి చేయవలెను. బండి మీద నా ఫొటో పెట్టి ఊరేగించరాదు.

5. దీని అమలు బాధ్యత కండక్టరు వెంకటికి అప్పగిస్తున్నాను. అనుమానం ఉంటే మొహం మీదే అడిగే మనిషి కనుక అతన్ని ఎంచుకున్నాను. నాకు ఆ ధైర్యం ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చింది. నా ఉన్ని స్వెట్టరు కూడా అతనే తీసుకోవలెను.

6. ఈ క్లాజు చివరలో చేర్చినది. ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగు నెలలు కావస్తున్నా మజర్ షాపు ముందు నుంచి పోలేక వేరే సందులో తిరిగాను. నిన్న పోయాను. "తప్పయింది మజర్" అన్నాను. అతను విప్పుతున్న ఇంజను మీద నుంచి తల ఎత్తలేదు. "దొంగ అన్నది అందరి ముంగట. తప్పయింది అనేది సాటుంగనా అన్నా?" అన్నాడు.

అందుకని ఈ కాగితాన్ని ఈ రోజు పొద్దున డిపో గేటు ముందు, ఆ రోజు టెంటులో ఉన్నవాళ్ళందరూ వింటుండగా నేనే చదివాను. చాయ్ సంగతి దగ్గర నేను ఆగితే దీవెన అందుకుని చదివింది. మజర్ అందరి వెనక నిలబడి విన్నాడు. నా పనిముట్ల డబ్బా అతనికి రాయించబోతే వద్దన్నాడు. సాక్షి సంతకం పెడతానన్నాడు. ఇచ్చిన కాగితాన్ని అరుగు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి మళ్ళీ ఒక్కో పంక్తి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. "ఇప్పుడే గదా ఇన్నవ్" అన్నాను.

"నీ కాగితం అన్నా. సూడకుంట ఎట్ల పెడత?" అన్నాడు.

అతను చదవడం అయ్యేదాకా అందరం నిలబడ్డాం. ఎవరూ తొందరపెట్టలేదు.

కోరుట్ల, 2012 ఫిబ్రవరి 9, గురువారం.

(సంతకం) బొల్లె జైపాల్

సాక్షులు:
మజర్, మెకానిక్, కోరుట్ల (ఉర్దూలో సంతకం)
పరశురాములు, డిపో వాచ్‌మన్, కోరుట్ల

జైపాల్ చెప్పగా రాసినది: గంగారాం, దస్తావేజు లేఖరి