పంది నాలుక కింద ఏడు పొక్కులు

తేదీ: ఆగస్టు 14. రెండు ఆఫీసులవారూ ఈ ఉదయం నన్ను రెండోసారి వెనక్కి పంపినందున, నోటిమాట మాని కాగితం మీద పెడుతున్నాను.

ప్రజారోగ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పెరటి పందిలో బద్దెపురుగు పొక్కులు కనబడుట, నన్నూ, నా మనవరాలినీ పరీక్షించుట గురించి.

1. నేను ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. ఒంటరిగా ఉంటాను. పెరట్లో ఒక పందిని పెంచాను. దాని బరువు, మేత రోజువారీగా రాసిపెట్టాను. పది నెలల్లో అది ఒక్కసారి కూడా దొడ్డి దాటలేదు. నేను పెట్టింది తప్ప తినలేదు.

2. ఈ నెల 3న కోతకు ముందు కసాయి దాని నాలుకను గుడ్డతో పట్టి లాగి చూశాడు. అడుగున బియ్యపు గింజలంత తెల్లని పొక్కులు, ఏడు.

"ఇవేం కొత్త కాదులే పెద్దమ్మా. బాగా ఉడికిస్తే చచ్చూరుకుంటాయి. మీరు ఎవరికీ చెప్పకండి, నేను అమ్మేసుకుంటా," అన్నాడు.

"నువ్వు తింటావా?" అన్నాను.

"నేనా? పిల్లలున్నవాణ్ణి కదమ్మా!"

కత్తి సంచిలో పెట్టించి పంపేశాను. పంది ఇంకా దొడ్డిలోనే ఉంది.

3. పశువైద్యుడు చెప్పినది: ఈ పురుగు ఉండేది మనిషి పేగులో. దాని గుడ్లు మనిషి మలం ద్వారా పందికి చేరితేనే ఈ పొక్కులు వస్తాయి. చేతికి అంటిన గుడ్లు మరో మనిషి నోట్లోకి పోతే మెదడుకు చేరి మూర్ఛలు రావచ్చు. పందిదొడ్డికీ మరుగుదొడ్డికీ ఒకే కాలువ కట్టించింది నేనే, కడగడం సులువని. వానలకు రెండుసార్లు అది వెనక్కి తన్ని దొడ్డిలోకి వచ్చింది. ఆ మరుగుదొడ్డి వాడేది నేనొక్కదాన్నే. ఎన్నిసార్లు చూసినా లెక్కలో ఇంకెవరూ మిగలడం లేదు.

4. నా కొడుకు కూతురికి తొమ్మిదేళ్లు. బడి వదలగానే పక్కవీధి నుంచి వచ్చి, నేను చేత్తో కలిపి పెడితే తినేది. 3వ తేదీ నుంచి రానివ్వడం లేదు. కారణం చెప్పడానికి నోరు రాలేదు. కోడలు కిటికీ దగ్గరికి వచ్చి, "మేమేం తప్పు చేశాం అత్తయ్యా?" అంది. నాకు పనుందన్నాను. పనేమీ లేదు. నిన్న పిల్ల ఒక్కతే వచ్చింది. "నానమ్మా, సబ్బుతో కడుక్కున్నాను, చూడు," అని ఊచల్లోంచి రెండు చేతులూ చాపింది. నేను లోపలి గదిలోకి వెళ్లిపోయాను.

5. పశువైద్యశాలలో, "మనుషుల పరీక్ష మా పని కాదండీ," అన్నారు. ఆసుపత్రి గుమాస్తా, "పంది కేసా? దారి తప్పి వచ్చారు మామ్మగారూ," అన్నాడు. వరుసలోనివారు నవ్వారు. పరీక్షకని పట్టుకెళ్లిన నా మలం నమూనా డబ్బాను చీరకొంగు చాటున ఇంటికి తెచ్చుకున్నాను.

కావున తమరు దీనిని చిత్తగించి, ఆలస్యం లేకుండా ఉత్తర్వు ఇప్పించవలెనని కోరుతూ,

తమ విధేయురాలు,
రిటైర్డు లెక్కల టీచరు

జరగవలసినవి, ఈ వరుసలోనే:

1. ముందు నా మనవరాలికి పరీక్ష. తర్వాతే నాకు.
2. పందిని మీ మనుషుల ఎదుట చంపి లోతుగా పూడ్పించాలి. కూర ఎవరి ఇంటికీ చేరకూడదు.
3. పందిదొడ్డికీ మరుగుదొడ్డికీ వేరువేరు కాలువలు కట్టించడం నా బాధ్యత.
4. మీరు పంపే నర్సు నా కోడలికి అన్నీ చెప్పవచ్చు. నేను చెప్పలేకపోయాను.
5. పిల్ల చేతులు శుభ్రంగానే ఉన్నాయని ఎవరైనా దానికి చెప్పాలి. ఇది ఏ శాఖ పనో నాకు తెలియదు.